సవర బిడ్డల చదువు కోసం వినికిడి పోగొట్టుకున్న గిడుగు

శ్రీకాకుళం: ఇంట్లో మాట్లాడే మాటలోనే బడిలో పాఠం చెప్పాలని జీవితాంతం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు ఈ జిల్లా బిడ్డే. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న ఆయన జన్మించారు. పన్నెండేళ్ల వయసులోనే తండ్రి వీర్రాజు చనిపోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పయి రూపాయల జీతానికి ఉపాధ్యాయుడుగా చేరారు. చుట్టుపక్కల కొండల నుంచి వచ్చే సవరలను అక్కడే చూశారు. వారికి తెలుగు రాదు, బడిలో వారి భాష లేదు. అందుకని వారికి చదువే లేకపోయింది. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని రామమూర్తి ఆ భాష నేర్చారు. కొండల్లో, అడవుల్లో తిరిగి మాటలు, పాటలు, కథలు సేకరించారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా పని మానలేదు.

సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సొమ్ముతో సవరలకు వారి భాషలోనే చదువు చెప్పించమని కోరారు.

పాఠశాలల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు మరొకటి ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న రామమూర్తిని కదిలించింది. పుస్తకాల భాష పిల్లలకు అందకపోతే చదువు కొద్దిమందికే మిగులుతుందని ఆయన ఊరూరా తిరిగి చెప్పారు. వాడుక భాషలో పరీక్షలు రాయడానికి ప్రభుత్వం ఒకసారి అనుమతి ఇచ్చి, పండితులు ఎదిరించడంతో వెనక్కి తీసుకుంది. ఆయన వెనక్కి తగ్గలేదు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి వాదన సాగించారు.

1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడంతో, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన కోరిన వాడుక తెలుగే తరువాత పత్రికల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల బోధనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో మొదలుపెట్టింది. సవర పల్లెల కోసం ఆయన సొంత డబ్బుతో బడులు పెట్టిన నాటికి, ఆ నిర్ణయానికి మధ్య దాదాపు నూరేళ్లు గడిచాయి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పేరుమీదే.