కాలాన్ని కొలబద్దగా నిలిపిన గెలీలియో
(ఫిబ్రవరి 15 – గెలీలియో గెలీలీ జయంతి)

ఝపటాపూర్ (ఖరగ్‌పూర్), ఫిబ్రవరి 15: బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రైళ్ల చార్టు కొత్తది కాదు. కంట్రోల్ కార్యాలయంలో అడ్డంగా కాలాన్ని, నిలువుగా స్టేషన్లను గుర్తించి ఒక్కో బండికి ఒక్కో గీత గీస్తారు. గీత నిటారుగా లేస్తే బండి వేగంగా సాగుతున్నట్టు, అడ్డంగా పోతే ఎక్కడో నిలిచి ఉన్నట్టు. ఆ ఇళ్ల పిల్లలు పాఠశాలలో వేగం-కాలం గ్రాఫు నుంచి త్వరణాన్ని, త్వరణం నుంచి ఫలిత బలాన్ని లెక్కగట్టడం నేర్చుకుంటారు. చలనాన్ని కాలంతోనే కొలవాలన్న ఈ పద్ధతికి ఆద్యుల్లో ప్రముఖుడైన గెలీలియో కూడా మొదట దారి తప్పారు.

1564 ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసా నగరంలో గెలీలియో జన్మించారు. తండ్రి విన్‌చెంజో సంగీత విద్వాంసుడు. కుమారుణ్ణి వైద్యుణ్ణి చేయాలన్నది ఆయన కోరిక. 1581లో పీసా విశ్వవిద్యాలయంలో చేరిన గెలీలియో గణితం వైపు మళ్లి, పట్టా అందుకోకుండానే 1585లో చదువు విడిచిపెట్టారు. 1589లో అక్కడే గణిత ఆచార్యుడయ్యారు. 1592 నుంచి పద్దెనిమిదేళ్లు పాదువాలో బోధించారు. పీసా గోపురంపై నుంచి బరువులు జారవిడిచారన్న కథ ప్రసిద్ధమే గాని, దానికి గట్టి ఆధారం లేదు. ఆయన అసలు పరిశ్రమ సాగింది పాదువాలో, ఒక వాలుపలక మీద.

నిట్టనిలువుగా పడే వస్తువును నాటి గడియారాలతో కొలవడం అసాధ్యం. అందుకే ఆయన ఆ పతనాన్ని నెమ్మదింపజేశారు. దాదాపు ఏడు మీటర్ల పలకలో గాడి తొలిచి, నున్నని తోలుకాగితం పరిచి, దానిని కొద్దిగా ఏటవాలుగా నిలిపి కంచు గోళాన్ని దొర్లించారు. గోళం దొర్లినంతసేపు పాత్ర నుంచి సన్నని ధారగా కారిన నీటిని పట్టి తూచారు. నీటి బరువే కాలానికి కొలత అయింది. సమాన కాలవ్యవధుల్లో గోళం సాగిన దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరిగాయి.

1604 నాటికే ఈ నియమం ఆయనకు తెలుసు. ఆ ఏడాది మిత్రుడు పావ్‌లో సార్పీకి రాసిన లేఖలో దానిని పేర్కొన్నారు. అయితే కారణం చెప్పబోయి పొరబడ్డారు. వేగం సాగిన దూరాన్ని బట్టి పెరుగుతుందని భావించారు. వినడానికి సబబుగానే తోచే మాట ఇది. కాని బయలుదేరే చోట దూరం సున్నా, కాబట్టి వేగమూ సున్నాయే. అలాంటి వస్తువు ఎన్నటికీ కదలదు. వేగం కాలాన్ని బట్టి పెరుగుతుందని గ్రహించి ఆయన ఆ భావనను విడిచిపెట్టారు. ఆ పొరపాటును కప్పిపుచ్చుకోలేదు. కొంతకాలం తానూ ఆ భ్రమలోనే ఉన్నానన్న సంగతిని తన చివరి గ్రంథంలో పాత్రల సంభాషణ ద్వారా ఒప్పుకున్నారు.

అదే గ్రంథంలో ఒక గీతను కాలంగా తీసుకొని, దానికి లంబంగా క్రమంగా పెరిగే గీతలను వేగాలుగా నిలిపారు. ఆకారం త్రిభుజమైంది. అందులో సగం ఎత్తుగల దీర్ఘచతురస్రంతో దానిని సమానం చేసి, సాగిన దూరాన్ని నిరూపించారు. పద్నాలుగో శతాబ్దంలోనే ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరేమ్ ఇలాంటి బొమ్మ గీశారు. పడే వస్తువుకు దానిని అన్వయించి, ప్రయోగంతో సరిచూసిన ఘనత మాత్రం గెలీలియోదే.

ఖరగ్‌పూర్ స్టేషన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 500 టన్నుల బండి ఒకటి కదిలి, 100 సెకన్లలో సెకనుకు 20 మీటర్ల వేగాన్ని సమంగా అందుకుందనుకుంటే, గ్రాఫులో గీత వాలు 0.2. అదే త్వరణం. గీత కింది త్రిభుజ వైశాల్యం 1,000 మీటర్లు, అంటే ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరొందిన అక్కడి 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం కన్నా కాస్త తక్కువ. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే ఫలిత బలం లక్ష న్యూటన్లు. ఆపై బండి అదే వేగంతో సాగితే గీత సమతలమవుతుంది, ఫలిత బలం సున్నా అవుతుంది. ఇంజన్ లాగుతూనే ఉంటుంది, గాలి నిరోధం, ఘర్షణ ఆ లాగుడుకు సరిసమానంగా నిలుస్తాయి. విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే.

బలం సంగతి గెలీలియో తేల్చలేదు. త్వరణానికి కారణమేమిటన్న చర్చను ఉద్దేశపూర్వకంగానే పక్కన పెట్టి, అది ఎలా పెరుగుతుందన్నదే ముందు నిర్ణయించాలనుకున్నారు. ఆ కొరతను 1687లో న్యూటన్ తీర్చారు.

సూర్యుని చుట్టూ భూమి తిరుగుతుందన్న వాదాన్ని సమర్థించినందుకు రోమ్‌లోని మత న్యాయస్థానం 1633లో ఆయనను దోషిగా తేల్చింది. శేషజీవితం ఫ్లోరెన్స్ సమీపాన ఆర్చెట్రీలో గృహనిర్బంధంలో గడిచింది. మరుసటి ఏడాది, ఎంతో ఆదరించిన కుమార్తె మరియా చెలెస్తె 33 ఏళ్లకే మరణించింది. ఆ దుఃఖంలోనే పాదువా నాటి పాత కాగితాలను కూర్చి చలనశాస్త్ర గ్రంథాన్ని పూర్తిచేశారు. ఆయన రచనల ముద్రణపై నిషేధం ఉన్నందున రాతప్రతి దేశం దాటి హాలండ్ చేరింది. 1638లో లైడెన్ నగరంలో అచ్చయింది. అప్పటికే గెలీలియో రెండు కళ్ల చూపూ కోల్పోయారు. తన త్రిభుజాన్ని అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు దక్కలేదు.

1642 జనవరి 8న ఆర్చెట్రీలోనే కన్నుమూశారు. ఫ్లోరెన్స్‌లోని శాంతా క్రోచే చర్చిలో ఒక చిన్న గదిలో ఖననం చేశారు. అదే చర్చి ప్రధాన భాగంలోని సమాధికి ఆయన అస్థికలను తరలించినది 1737లో.