ఇసుకలో పునాది వేసిన కాటను దొర

శ్రమదినములు సమీపించుచున్నవి. మన రామచంద్రపురం ప్రాంతమందు దాళ్వా చేలకు నీరు ఎక్కువ కావలసిన దినములలోనే ఇవి వచ్చును. వంతు నీటికొరకు రాత్రివేళ కాలువ గట్టున కాచుకొనియుండు మాకు నలువది దినముల ప్రార్థన యెట్లు కుదురునయ్యగారూ అని సంఘ సభ్యుడొకరు నన్నడిగిరి. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఇంటికి వచ్చి, ఆ కాలువ మనకు తెచ్చినవాని జీవితమును తలపోసితిని.

ఆర్థర్ కాటను 1803 మే 15న ఇంగ్లాండులో పుట్టెను. పదునొకండుగురు కుమారులలో ఆయన పదియవవాడు. 1821లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, కుంపిణీ సైన్యపు ఇంజనీరుగా మద్రాసు వచ్చెను. యౌవనముననే ప్రభువునందు దృఢ విశ్వాసియాయెను గాని బోధకుడు కాలేదు. గొలుసు పట్టి నేల కొలుచుట, నీటి మట్టము చూచుట, కూలీల లెక్క వ్రాయుట, ఇవియే ఆయన దినచర్య. ఆ పనిలోనే ఆయన ప్రభువును సేవించెను.

అప్పటి గోదావరి సీమ నేటిది కాదు ప్రియులారా. 1832-33లో నందన కరువు వచ్చెను. 1839లో పెనుగాలివానకు సముద్రము కోరంగిమీద విరుచుకుపడెను. 1821లో 7 లక్షలకు పైగానున్న రాజమహేంద్రవరపు జిల్లా జనము ఇరువది యేండ్లకు 5 లక్షల 60 వేల ప్రాంతమునకు దిగజారెను. చచ్చినవారు కొందరు, ఊరు విడిచి పోయినవారు కొందరు. గోదావరి మాత్రము నిండుగా వారి ప్రక్కనుండియే సముద్రములో కలియుచుండెను. 1844లో కాటను దొర ఈ సీమ పరిశీలించి, ఆనకట్ట కట్టవలెనని దొరతనమువారికి వ్రాసెను. 1847లో ధవళేశ్వరమున పని మొదలాయెను.

అక్కడ నది వెడల్పు లంకలతో కలిపి సుమారు నాలుగు మైళ్లు. అడుగున రాయి లేదు, అంతా ఇసుకయే. ఇసుకమీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని గూర్చి మత్తయి 7వ అధ్యాయములో మనమందరము చదివితిమి. కాటను దొరయు చదివియే యుండును. అయినను గోదావరిలో కట్టవలసినది ఇసుకమీదనే. అందుకు ఉపాయము ఆయన సీమనుండి తేలేదు. మునుపు కావేరి ప్రాంతమున పనిచేసినప్పుడు తమిళదేశపు పూర్వులు కట్టిన కల్లణైని చూచి నేర్చుకొనెను. ఇసుకలో పెద్ద రాళ్లు వేయుదురు, అవి దిగిపోవును. మరల వేయుదురు, మరల దిగును. గట్టి నేల తగిలి నిలుచువరకు వేయుచునే యుందురు. ఈ దేశస్థులయొద్దనే ఈ విద్య నేర్చుకొంటినని ఆయన దాచక ఒప్పుకొనెను. దొరలలో అట్టి వినయము అరుదు.

ఇంచుమించు పదివేలమంది కూలీలు పనిలో నుండిరి. వీణం వీరన్నగారు ఆయనకు కుడిభుజమై వారిని కూర్చి నడిపించిరి. ఇండియాకు 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అను మిషనెరీలు ఈ సీమలో అప్పటికే సువార్త ప్రకటించుచుండిరి. తట్టలు మోయు ఆ జనులకు ధవళేశ్వరమున వాక్యము వినిపించిరి. ఎండదెబ్బకు కాటను దొర ఆరోగ్యము చెడి, 1848లో పని కెప్టెన్ ఓర్‌కు అప్పగించి ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. 1850లో తిరిగివచ్చి, 1852లో పని ముగించెను.

ఒక సంగతి దాచుట న్యాయము కాదు. రాళ్లు మోసిన పేదల వాడలకు కాలువ వచ్చినను చేను రాలేదు. నీరు పారినది ఇతరుల పొలములకు. పన్ను పెరిగినది సర్కారు ఖజానాకు. మన సంఘములలో ఇప్పటికిని కౌలు చేయువారే యెక్కువ. అయినను ఆ నీటివలన కూలి దొరికెను, గింజ దొరికెను, పిల్లలు బ్రదికిరి.

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చెను గాని అధికారులతో పొత్తు కుదరలేదు. రైళ్లకంటె కాలువలే జనులను బ్రదికించునని ఆయన వాదించెను. ధాత కరువులో లక్షలమంది చచ్చిన పిమ్మట 1878లో, 75 ఏండ్ల వయస్సున, పార్లమెంటు సంఘము యెదుట నిలిచి ప్రశ్నలకు జవాబు చెప్పవలసివచ్చెను. ఆయన మాట నెగ్గలేదు. అటుపిమ్మట డార్కింగ్ అను ఊరిలో తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించుచు, పేదవాని కొద్ది నేలలో ఎక్కువ గింజ యెట్లు పండునో పరీక్షించుచుండెను. 1899 జూలై 24న, 96 ఏండ్లవాడై ప్రభువునందు నిద్రించెను. మన గోదావరిలో స్నానము చేయు బ్రాహ్మణులు సంకల్పములో ఆయన పేరు తలంచుకొందురని పెద్దలు చెప్పుదురు.

నన్నడిగిన సోదరునికి ఇదియే నా జవాబు. భస్మ బుధవారము సాయంకాలపు కూడికలో మత్తయి 7వ అధ్యాయము చదువుదుము. నీటి వంతు ఉన్నవారు మడికి నీరు పెట్టుకొని, పార కడుగుకొని రండి. ఆలస్యమైనను తలుపు తీసియే యుంచెదము.