మాట నిలబెట్టుకున్న లిన్నేయస్

జువాలజీ ల్యాబ్‌లో ఫార్మలిన్ సీసాల మీది చేపల పేర్లు బట్టీపట్టే రోజుల్లో ఒక సంగతి నన్ను వేధించేది. చాలా సీసాల మీద పేరు చివర లిన్నేయస్ అని ఉండేది. బాటనీ వాళ్ళు తమవాడని చెప్పుకునే మనిషికి మా చేపలతో ఏం పని? ఆ ప్రశ్న పట్టుకుని లైబ్రరీలో కూర్చుంటే ఒక స్నేహం కథ బయటపడింది.

కార్ల్ లిన్నేయస్ 1707లో దక్షిణ స్వీడన్‌లోని ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి గురువు, తోటపని అంటే ప్రాణం. 1728లో ఉప్సల విశ్వవిద్యాలయంలో చేరేనాటికి లిన్నేయస్ చేతిలో డబ్బు లేదు. మరుసటి ఏడు పీటర్ ఆర్టెడి అనే విద్యార్థి పరిచయమయ్యాడు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఇద్దరూ ప్రకృతిని పంచుకున్నారు. చేపలు ఆర్టెడివి, పక్షులు, పురుగులు లిన్నేయస్‌వి. ఎవరు ముందు పోతే వారి రాతలను రెండోవారు లోకానికి అందించాలని మాట ఇచ్చిపుచ్చుకున్నారు.

1735 సెప్టెంబరులో ఒక రాత్రి, ఆమ్‌స్టర్‌డాంలో విందు నుంచి తిరిగివస్తూ ఆర్టెడి కాలువలో పడి మరణించాడు. అప్పటికి వయస్సు 30. అతని వ్రాతప్రతులను బాకీ కింద ఇంటి యజమాని పట్టుకున్నాడు. లిన్నేయస్ తన పోషకుడు క్లిఫర్డ్ చేత ఆ బాకీ కట్టించి వాటిని విడిపించాడు. 1738లో అచ్చువేయించాడు. చేపల శాస్త్రానికి అదే పునాది అయింది. 1758లో తన ‘సిస్టమా నేచురే’ పదో కూర్పులో చేపలకు రెండు మాటల పేర్లు పెట్టినప్పుడు లిన్నేయస్ నిలబడింది ఆ పునాది మీదే.

ఆ పేర్లలో ఒకటి క్లూపియా హారెంగస్, అంటే హెర్రింగ్. మన కోస్తాలో దొరికే కవ్వళ్ళకు దూరపు చుట్టం. స్వీడన్ తూర్పున బాల్టిక్ సముద్రంలో దొరికే హెర్రింగ్ కాస్త చిన్నది. జనం దాన్ని స్ట్రోమింగ్ అంటారు. లిన్నేయస్ ఆ తేడాను కొట్టిపారెయ్యలేదు. జాతి అదే, రకం వేరు అని మెంబ్రాస్ అనే పేరు చేర్చాడు. దేవుడు సృష్టించిన జాతులు మారవని చాలాకాలం నమ్మిన మనిషి చేసిన పని ఇది!

ఆ తేడాలో ఏముందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. అట్లాంటిక్ నీటిలో వెయ్యికి 35 పాళ్ళు ఉప్పు. స్ట్రోమింగ్ తిరిగే బాల్టిక్ పైనీటిలో చాలాచోట్ల 2 నుంచి 8 పాళ్ళే. చేప రక్తంలోని ఉప్పు ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. అందుచేత మహాసముద్రంలో చేప ఒంట్లోని నీరు బయటికి పోతుంది. అది ఉప్పునీరు తాగి, అదనపు ఉప్పును మొప్పల గుండా బయటికి నెట్టాలి. బాల్టిక్‌లో అంతా తలకిందులు. నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది.

హెర్రింగ్ ఈ సముద్రంలో చేరింది గత 10,000 ఏళ్ళలోనే. ఉప్సల శాస్త్రజ్ఞుల బృందం రెండు సముద్రాల హెర్రింగుల జన్యువులను పోల్చి 2016లో ఫలితాలు ప్రకటించింది. జన్యురాశిలో అత్యధిక భాగం ఇంచుమించు ఒకటే. వందలాది చోట్ల మాత్రం స్పష్టమైన తేడా. ఆ తేడా ఉన్నవాటిలో ఉప్పును కణాల్లోకి మోసే ప్రొటీన్‌కు చెందిన జన్యువు కూడా ఉంది. అంటే, జాతి మారుతూనే ఉంది. లిన్నేయస్ ప్రొఫెసరుగా పాఠాలు చెప్పిన ఊళ్ళోనే ఆయన నమ్మకం ఓడింది, ఆయన చూపు గెలిచింది.

1778లో ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు సీసా మీద ఆ పేరు చూస్తే నాకు రెండు పేర్లు కనిపిస్తాయి, ఒకటి అచ్చులో, ఒకటి దాని వెనుక. మిత్రులారా, హాస్టలు గదుల్లో మనమూ బోలెడు మాటలు ఇచ్చుకుంటాం. వాటిలో ఒక్కటైనా నిలబెట్టుకుందాం.