బొంతమీద కుట్టిన సాక్ష్యము

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 9:36–42



చలి మొదలుకాగానే మన రాయికల్ ఇండ్లలో బొంతలు బయటికి వచ్చును. పాత చీరెలను పొరలుగా పరచి మన తల్లులు కుట్టినవే అవి. అమెరికా దేశపు స్త్రీలును ఇట్లే బొంతలు కుట్టుదురు. చిన్న ముక్కలను మెట్లవలె పేర్చి కుట్టెడి ఒక పాత నమూనాకు అక్కడ యాకోబు నిచ్చెన అని పేరు. అయితే బైబిలు కథలనే బొమ్మలుగా కుట్టిన ఒక తల్లిని ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

ఆమె పేరు హ్యారియట్ పవర్స్. 1837లో జార్జియా రాష్ట్రమందు బానిసగా పుట్టెను. అక్కడ బానిసలకు చదువు నేర్పుట చట్టవిరుద్ధము గనుక వాక్యము వారికి ఎక్కువగా వినుటవలననే అందెను. 1865లో బానిసత్వము రద్దయిన తరువాత ఆమెయు, ఆమె భర్తయు కొంత పొలము సంపాదించుకొని బిడ్డలను పెంచిరి.

1886లో ఏథెన్సు పట్టణపు ప్రత్తి ప్రదర్శనలో ఆమె బొంతను ఉంచిరి. బట్టను బొమ్మలుగా కత్తిరించి, వేరొక బట్టమీద కుట్టిన 11 గడులు దానిలో ఉన్నవి. ఏదెనులో ఆదాము హవ్వలు, తమ్ముని చంపుచున్న కయీను, యాకోబు కల, ప్రభువు బాప్తిస్మము, సిలువ, యూదా పుచ్చుకొన్న ముప్పది వెండి నాణెములు, ఇట్టివన్నియు అందు కలవు. జెన్నీ స్మిత్ అను చిత్రలేఖన ఉపాధ్యాయిని కొనగోరెను గాని, హ్యారియట్ ఎంత వెలకును ఇయ్యననెను.

కొన్ని సంవత్సరములకు ఆ ఇంట ఇబ్బంది కలిగెను. పది డాలర్లు అడిగి, భర్త మాటమీద ఐదు డాలర్లకే అమ్మివేసెను. అయితే ఒక్కొక్క గడి భావమును వివరించిన తరువాతనే దానిని విడిచిపెట్టెను. జెన్నీ దానిని వ్రాసికొనెను. పిమ్మట తన బొంతను చూచుకొనుటకు పలుమార్లు ఆ ఇంటికి వెళ్లుచుండెను. బిడ్డ పెండ్లికో వైద్యమునకో మెడలోనిది అమ్ముకొన్న మన తల్లులకు ఆ బాధ చెప్పనక్కరలేదు.

1910 జనవరి 1న హ్యారియట్ మరణించెను. ఆ బొంత నేడు వాషింగ్టను నగరములోని జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. చేతినుండి బొంత పోయెను గాని సాక్ష్యము పోలేదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు చూపినదియు ఆమె కుట్టిన బట్టలనే గదా!

మన సంఘములో నిలువబడి మాటలాడలేని తల్లుల చేతిపనిని చిన్నదిగా ఎంచకుందము. ఈ చలికాలమున కప్పుకొనుటకు ఏమియు లేని ఒక ఇంటికి ఒక బొంత కుట్టి ఇత్తము. దానిని ఎవరి నామమున ఇచ్చుచున్నామో కూడ చెప్పుదము. ప్రభువు మన చేతిపనిని స్థిరపరచును గాక. ఆమేన్.