జార్జి వొరొనోయ్

జార్జి వొరొనోయ్ (ఏప్రిల్ 28, 1868 - నవంబరు 20, 1908) ఉక్రెయిన్‌కు చెందిన గణిత శాస్త్రవేత్త. వొరొనోయ్ చిత్రం ఇతని పేరు మీదుగానే ప్రసిద్ధి చెందింది.

జీవితం

ఇతడు ఆనాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న జురావ్కా గ్రామంలో జన్మించాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆంద్రేయ్ మార్కోవ్ వద్ద చదివి, 1894లో వార్సా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. పిత్తాశయ వ్యాధి బాధిస్తున్నా పరిశోధన మానలేదు. 40 ఏళ్ళకే వార్సాలో మరణించాడు.

పరిశోధనలు

సమతలంపై కొన్ని బిందువులున్నపుడు, ఒక్కొక్క బిందువుకు మిగిలినవాటికంటే దగ్గరగా ఉండే చోటు ఒక కుంభాకార ప్రాంతమవుతుంది. ఈ విభజనను డిరిక్లె 1850లో రెండు, మూడు పరిమాణాలలో వాడగా, వొరొనోయ్ ఎన్ని పరిమాణాలకైనా విస్తరించాడు. ఆ రచన చివరి భాగం ఇతని మరణానంతరం 1909లో వెలువడింది.

ప్రభావం

ఇతడు ఆశించినది సంఖ్యాశాస్త్రంలోని వర్గ రూపాల అధ్యయనం మాత్రమే. అయితే 1975లో షామోస్, హోయ్ ఈ చిత్రాన్ని కంప్యూటరుతో వేగంగా గీసే పద్ధతిని ప్రకటించారు. బిందువులను పరావలయ భ్రమణంతో ఏర్పడే గిన్నె వంటి తలంపైకి నిలువుగా లేపి, వాటి కుంభాకార ఆవరణాన్ని కనుగొంటే, దాని అడుగు అంచులే పొరుగు బిందువులను కలుపుతాయి. వాటినుండి వొరొనోయ్ చిత్రం లభిస్తుంది. ఆ విధంగా ఇతని కృషి గణన జ్యామితికి ఒక పునాది అయింది.