ధర్మదాత మల్లాడి సత్యలింగ నాయకరుగారు

మన తీరమునందలి వృద్ధులు రంగూను పట్టణమును రంగమని పిలిచెడివారు. ఇంట అన్నము కొరవడినప్పుడు స్టీమరెక్కి రంగము పోవుట ఆ కాలపు గతి. అట్లు పోయినవారిలో పెక్కురు కూలివాండ్రుగనే కాలము గడపిరి. కొందరు తిరిగి రానేలేదు. వారిలో ఒకరు తమ పేరును ధర్మసంస్థగా నిలిపిరి. ఆ మహనీయుని చరితమును ఈ మహాసభా సంచికయందు జాలరిపేట సోదరులకు విన్నవించుట మాకు కర్తవ్యమని తోచినది.

శ్రీ మల్లాడి సత్యలింగ నాయకరుగారు 1840వ సంవత్సరమున గోదావరీ ముఖమునందలి కోరంగిలో, నిరుపేదయగు అగ్నికుల క్షత్రియ కుటుంబమున జన్మించిరి. అంతకు ముందటి యేడే, 1839 నవంబరు మాసమున, ఘోరమగు తుపాను చెలరేగి సముద్రము కోరంగిపై బడి, ఓడలను జనులను కబళించెను. ఓడలు కట్టుటలో పేరువడసిన ఆ రేవు మరల పూర్వవైభవము నొందలేదు. కావున ఆ శిశువునకు పిత్రార్జితముగా లభించినది దారిద్ర్య మొక్కటియే.

1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యెను. 1869లో సూయజు కాలువ తెరువబడిన పిమ్మట బర్మా బియ్యము ఐరోపాకు బోవు మార్గము సుగమమై, రంగూను రేవు దినదినాభివృద్ధి నొందెను. బస్తాలు మోయుటకు తెలుగువారు కావలసివచ్చిరి. అచటివారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరనగా, ఆ చిన్న రేవు పేరెంత వ్యాపించెనో తెలియగలదు.

నాయకరుగారును ఆ నగరమునకే పోయి, కూలిపనితో నారంభించి, క్రమముగా ఓడల సరకు నెక్కించు దింపించు స్టీవెడోరు కాంట్రాక్టరులై విశేషధనము నార్జించిరి. ఈ వృత్తి యెట్టిదో గ్రహింపవలయును. ఓడ రేవున నిలిచిన ప్రతిదినమును దాని యజమానికి వ్యయమే. చెప్పిన వేళకు చాలినంతమందిని దెచ్చి, సరకు చెడకుండ పని ముగించువాడే కంపెనీలకు గావలెను. చేసిన పనికి కూలి ముట్టునను నమ్మకము కూలివానికి గావలెను. ఈ యిరువురి నడుమ నిలుచువానికి స్వంత ఓడ యక్కరలేదు. తన పేరే మూలధనము. మాట తప్పినచో మరునాడా పని వేరొకనికి బోవును. తాతలనాటి యాస్తి లేని వాడొక్కడు అట్టిచోట నిలద్రొక్కుకొనుటయే నాయకరుగారి ఘనత.

ఇచట నిజము దాచరాదు. ముందుగా సొమ్మిచ్చి ఆ ఋణముతో కూలివానిని కట్టివైచుట బర్మాయందలి మేస్త్రీల పద్ధతిలో సామాన్యముగ జరిగెను. కాంట్రాక్టరుల సంపద యెవరిదైనను కూలివాని వీపుమీది బస్తాలనుండి పుట్టినదే. అందుచే ఆ ధనము తుద కెచటికి జేరినదను ప్రశ్నయే గీటురాయి. నాయకరుగారు తమ యాస్తిని వీలునామా మూలమున ధర్మకార్యములకు విడిచి 1915లో దివంగతులైరి. వారి పేర వెలసిన ధర్మసంస్థ కాకినాడ జగన్నాథపురమున విద్యాలయములను నడపినది. 1942లో జపానువారి దాడికి వెరచి మనవారనేకులు బర్మాను విడిచి, అడవులవెంట కాలినడకను వచ్చిరి. అచట గడించినదెల్ల పెక్కురకు అచటనే పోయినది. విద్యయందు నాటిన సొమ్ము మాత్రము నశింపలేదు.

1933లో విశాఖపట్టణమున నౌకాశ్రయము తెరువబడినది. పనికై రంగము పోనక్కరలేని రేవు మన వాకిటికే వచ్చినది. అయినను పడవకును వలకును అప్పిచ్చిన వర్తకునికే, అతడు చెప్పిన వెలకే, పట్టిన చేప నమ్మవలసిన దుస్థితి తీరమున నింకను తొలగలేదు. కష్టము మనది, పేరు పరులది. ఈ చిక్కు విడవలెనన్న, తన పేర చిన్న వ్యాపారమైన నారంభించు యువకుడు మనలో పుట్టవలెను. లెక్క వ్రాసికొనుట, చెప్పిన వేళ తప్పకుండుట, చెడిన సరకును మంచిదని యమ్మకుండుట, ఇవి సొమ్ము లేనివానికిని సాధ్యములే. అట్టివానికి తొలి యప్పునకు మన సంఘము పూచీగా నిలువవలెను. అతడు వృద్ధినొందిన పిదప ఒక్క బాలుని చదువైన తన భారముగ దలపవలెను. నాయకరుగారి ఋణము తీర్చుకొనుట కింతకంటె వేరు మార్గము మాకు గానరాదు.

గంగమ్మతల్లి మన పేటను చల్లగ చూచుగాక.