చేతులు కడిగించిన వైద్యుడు సెమ్మెల్‌వైస్

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1818 జూలై 1వ తేదీన హంగేరీ దేశమందలి బుడా పట్టణమున జన్మించెను. తండ్రి కిరాణా వర్తకుడు. న్యాయశాస్త్రము చదువుటకు వియన్నా వెళ్లిన ఈ యువకుడు వైద్యము వైపు మళ్లి, 1844లో పట్టా పొంది, 1846లో అచటి పెద్దాసుపత్రి ప్రసూతి విభాగమున సహాయ వైద్యుడయ్యెను.

అందు పురుటి వార్డులు రెండుండెడివి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు పని నేర్చుకొనుచుండిరి. 1846లో మొదటి వార్డున 4,010 మంది తల్లులలో 459 మంది, రెండవదానిలో 3,754 మందిలో 105 మంది మరణించిరి. మొదటి వార్డు వద్దని స్త్రీలు మోకరిల్లి వేడుకొనెడివారు. గాలి చెడ్డదని కొందరు, జనము కిక్కిరిసినదని కొందరు చెప్పిరి. సెమ్మెల్‌వైస్ పాత రిజిస్టర్లు తీసి ఒక్కొక్క మాటను లెక్కతో సరిచూచెను. రెండు వార్డులకును గాలి ఒకటే. జనము రెండవదానిలోనే హెచ్చు.

1847లో ఆయన మిత్రుడు కొల్లెచ్కా అను వైద్యుడు, శవపరీక్షలో విద్యార్థి కత్తి వ్రేలికి తగులగా, బాలింత జ్వరము వంటి జబ్బుతోనే కన్నుమూసెను. అప్పుడు గుట్టు తెలిసెను. విద్యార్థులు శవములను కోసిన చేతులతో తిన్నగా పురుటి గదికి వచ్చుచుండిరి. మంత్రసానులకు ఆ పని లేదు. సబ్బుతో కడిగినను చేతి వాసన పోకుండెను. వాసన పోని చేయి శుభ్రపడలేదని ఆయన నిశ్చయించెను. మే నెలలో, బ్లీచింగు పొడి నీటితో చేతులు కడుగనిదే ఎవరును లోనికి రారాదని నియమము పెట్టెను. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డున జూన్‌లో పోయినది ఇద్దరే. 1848 మార్చి, ఆగస్టు నెలలలో ఒక్క తల్లియు చనిపోలేదు.

అయినను పెద్ద వైద్యులు పలువురు మెచ్చలేదు. తమ చేతులే మృత్యువును మోసినవని ఒప్పుకొనుట వారికి కష్టమయ్యెను. 1849లో ఆయన ఉద్యోగము పొడిగింపబడలేదు. తరువాత పెస్టు నగరము చేరి, అచటి ఆసుపత్రిలో ఆరేండ్లలో 933 కాన్పులకు జ్వర మరణములు 8కి మించకుండ చూచెను. 1861లో గ్రంథము ప్రకటించెను; ఆదరణ కొద్ది. విరోధులను హంతకులని నిందించుచు బహిరంగ లేఖలు వ్రాసెను. చివరకు మతి చెడెనని 1865లో వియన్నా పిచ్చాసుపత్రిలో చేర్చిరి. రెండు వారములకే, ఆగస్టు 13న, గాయము విషమించి 47వ యేట మరణించెను.

పిమ్మట పాశ్చరు సూక్ష్మక్రిములను చూపగా లోకము ఆయన మాట నమ్మెను. 2015లో భారత ప్రభుత్వము కాయకల్ప పథకము క్రింద ఆసుపత్రుల పరిశుభ్రతకు మార్కులు వేయ నారంభించినపుడు, చేతులు కడుగుటయు అందొక పద్దయ్యెను. కిరాణా వర్తకుని కుమారుడు సరిగా వ్రాసిన ఆ లెక్క ఎందరో తల్లులను ఇల్లు చేర్చినది.